పానా పట్టే ముందు

అనంతగిరి ఘాటు ఎక్కుతున్న పాత బండి ఉన్నట్టుండి గోల పెడుతుంది. యాక్సిలరేటర్ తిప్పేకొద్దీ ఇంజన్ మోత పెరుగుతుంది కానీ బండి ముందుకు ఉరకదు. ఇంజన్ పోయిందనుకుని నడిపే కుర్రాడు కంగారుపడతాడు. కిందికి దిగి వికారాబాద్‌లో అనుభవమున్న మెకానిక్‌కు చూపిస్తే, ఆయన మొదట ఇంజన్ జోలికే పోడు. ఎడమచేతి వైపున్న క్లచ్ లీవరును ఒక వేలితో కదిపి చూస్తాడు. లీవరు కొసన 10 నుంచి 15 మిల్లీమీటర్ల దాకా ఖాళీ ఆట ఉండాలి. అది లేకుండా వైరు బిగుసుకుపోతే, చెయ్యి తీసేసినా క్లచ్ సగం నొక్కినట్టే ఉంటుంది. లోపల ప్లేట్లు జారి, వేడెక్కి, అరిగిపోతాయి. సకాలంలో చూసుకుంటే, రోగమంతా వైరు చివరి చిన్న నట్టు తిప్పడంతో పోతుంది.

ముందు ఖర్చులేనిది చూడాలి, తర్వాత బయటిది, ఇంజన్ విప్పడం ఆఖరున. పాత బండ్లు బాగుచేసే ఉస్తాదులు శిష్యులకు చెప్పే క్రమం ఇదే. స్కానర్లు లేని రోజుల్లో చెవి, ముక్కు, వేళ్లే ఆధారంగా పెరిగిన విద్య ఇది.

మన దేశంలో మట్టిదారుల కోసమే తయారైన బండ్లు చాలాకాలం దొరకలేదు. అందుకే మామూలు బండ్లనే జనం ఆ పనికి మలుచుకున్నారు. మైసూరులో 1961 నుంచి 1996 దాకా తయారైన జావా, యెజ్డీలు, ఎస్కార్ట్స్ వారి రాజ్‌దూత్ పల్లెదారులు తొక్కాయి. 1985లో వచ్చిన యమహా ఆర్‌ఎక్స్ 100 మట్టి ట్రాకుల మీద పోటీలకూ దిగింది. 98 సీసీల టూ స్ట్రోక్ ఇంజన్, 11 హార్స్‌పవర్, తేలికైన ఒళ్లు దాని బలం. మట్టికీ తారుకీ పనికొచ్చేలా 149 సీసీ ఇంజన్‌తో హీరో ఇంపల్స్ వచ్చింది 2011లో. కొన్నేళ్లకే దాని తయారీ ఆగిపోయింది. ఇలాంటి బండి ఉన్నవాడికి షోరూం కన్నా మంచి మెకానిక్కే దిక్కు.

వికారాబాద్, తాండూరు ప్రాంతంలో బండి జబ్బును నేలను బట్టి కొంత ఊహించవచ్చు. మూసీ పుట్టిన అనంతగిరి గుట్టల్లో ఎర్రమట్టి దుమ్ము. తాండూరు చుట్టూ నాపరాళ్ల గనులు, పాలిషింగ్ యూనిట్లు, గాలిలో తేలే తెల్లటి రాతిపొడి. 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కంది పండే పొలాల్లో నల్లరేగడి. దుమ్ము, రాతిపొడి ఎయిర్ ఫిల్టర్‌ను మూసేస్తాయి. ఫిల్టర్ చిరిగి ఉంటే నేరుగా లోపలికి పోయి బోరును, రింగులను గీకేస్తాయి. వానాకాలం రేగడి టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య ముద్దకట్టి చక్రాన్ని పట్టేస్తుంది. దిగబడ్డ బండిని లాగడానికి హాఫ్ క్లచ్‌లో మోత మోగిస్తే ప్లేట్లు మాడిపోతాయి. దుమ్ములో ఇంజన్ ఆయుష్షు, బురదలో క్లచ్ ఆయుష్షు తగ్గుతుందన్నమాట.

స్టార్ట్ కాని బండికి నాలుగు ప్రశ్నలు. పెట్రోల్ వస్తోందా? కరెంటు ఉందా? గాలి అందుతోందా? కంప్రెషన్ ఉందా? కాసేపు నడిచి ఆగిపోయే బండికి ముందుగా ట్యాంకు మూత తెరవాలి. మూతలోని గాలిరంధ్రం మట్టితో పూడుకుపోతే లోపల గాలి లాగేసినట్టయి పెట్రోల్ కిందికి దిగదు. మూత తీయగానే బుస్సుమని గాలి లోపలికి పోయి, బండి మళ్లీ స్టార్ట్ అయితే దోషం అక్కడే ఉంది. ఒక సన్నటి సూదితో పని అయిపోతుంది. వేడెక్కినప్పుడే ఆగి, చల్లారాక నడిచే బండిలో ప్లగ్గు దగ్గర కరెంటు రాకపోతే అనుమానం కాయిల్ మీదికి పోతుంది.

ఆ తర్వాత ప్లగ్గు విప్పి వెలుతురులో తిప్పి చూస్తారు. కొస ఇటుకరంగుకో లేత గోధుమరంగుకో తిరిగితే పెట్రోల్, గాలి పాళ్లు సరిగ్గా ఉన్నట్టు. పొడి మసి పేరుకుంటే పెట్రోల్ ఎక్కువవుతోంది. దానికి మూసుకుపోయిన ఫిల్టరో, ఇరుక్కున్న చోకో కారణం కావచ్చు. తడిగా, జిడ్డుగా ఉంటే ఆయిల్ పైకి వస్తోంది. తెల్లగా కాలిపోయి కనిపిస్తే పెట్రోల్ చాలక ఇంజన్ మితిమీరి వేడెక్కుతోంది. టూ స్ట్రోక్ బండిని అలాగే తోలితే పిస్టన్ పట్టేస్తుంది.

కిక్కు మెత్తగా పోతుంటే మరో పరీక్ష ఉంది. ఫోర్ స్ట్రోక్ బండి ప్లగ్గు రంధ్రంలో చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ చూస్తారు. కిక్కు గట్టిపడితే రింగులో బోరో అరిగినట్టు, మారకపోతే వాల్వులను చూడాలి. టూ స్ట్రోక్‌లో క్రాంకు సీళ్లు కీలకం. ఆర్‌ఎక్స్ 100లో కుడివైపు సీలు పోతే ఇంజన్ గేర్ ఆయిల్‌ను పీల్చి తెల్లటి పొగ కక్కుతుంది, గేర్‌బాక్స్‌లో ఆయిల్ తగ్గుతూ పోతుంది. ఎడమవైపు మాగ్నెట్ దగ్గరి సీలు పోతే దొంగగాలి దూరి, యాక్సిలరేటర్ వదిలినా మోత వెంటనే దిగదు. పొగ చూడగానే బోరు వేయించమనేవాడికీ, గేర్ ఆయిల్ ఎంతుందో కొలిచేవాడికీ తేడా అక్కడే తెలుస్తుంది.

వైరు సరిచేసినా క్లచ్ జారుతుంటే కవర్ విప్పే ముందు ఆయిల్ గురించి అడగాలి. ఈ బండ్ల క్లచ్ ఆయిల్‌లోనే తిరుగుతుంది. రాపిడి తగ్గించే మందులు కలిసిన కారు ఆయిల్ పోస్తే ప్లేట్లకు పట్టు పోతుంది. అందుకే డబ్బా మీద జాసో ఎంఏ గుర్తు చూడాలి. ఆయిల్ సరైనదే అయితే కవర్ విప్పక తప్పదు. మాడిన ప్లేట్ల వాసన గుప్పుమంటుంది. నీలిరంగు తిరిగిన ఉక్కు ప్లేట్లను గాజు పలక మీద పరిచి, కింద సన్నటి ఫీలర్ బ్లేడు దూరుతుందేమో చూస్తారు. దూరితే ప్లేటు వంగినట్టే. పాత స్ప్రింగును కొత్తదాని పక్కన నిలబెడితే కుంగిన ఎత్తు కంటికి కనిపిస్తుంది. క్లచ్ నొక్కినా బండి ముందుకు లాగుతూ న్యూట్రల్ పడకుంటే హౌసింగ్ వేళ్ల మీద గాడులు పడ్డాయేమో తడిమి చూడాలి. లోతు తక్కువైతే ఆకురాయితో నున్నగా చేస్తారు. ఎక్కువైతే హౌసింగ్ మార్చాల్సిందే.

ఈ పాత విద్యకు కొత్త పరీక్షలూ వచ్చాయి. 2020 ఏప్రిల్‌లో బీఎస్ 6 నిబంధనలు వచ్చాక కొత్త బండ్లలో ఫ్యూయల్ ఇంజెక్షన్ మామూలైంది, కుర్ర మెకానిక్‌ల చేతికి స్కానర్ వచ్చింది. 2025 నాటికి దేశమంతటా 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్ చేరింది. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది, పాత రబ్బరు వాషర్లను ఉబ్బించి పాడుచేస్తుంది. నెలల తరబడి నిలిపిన బండి కార్బొరేటర్ గిన్నెలో తెల్లటి తుప్పు పడుతుంది, జెట్టు మూసుకుపోతుంది. బండిని పక్కన పెట్టేముందు ఆ గిన్నె ఖాళీ చేయాలన్న జాగ్రత్త ఇప్పుడు ఇంకా అవసరం. కార్బొరేటర్ బండికి స్కానర్ ఏమీ చెప్పదు. దాని మాట వినగల చేతులు తగ్గుతున్న కొద్దీ, నడవగలిగిన బండ్లు కూడా పాత ఇనుప దుకాణాలకు పోతున్నాయి.

బిగింపులోనూ ఒక పద్ధతి ఉంది. కొత్త ప్లేట్లను ముందు ఇంజన్ ఆయిల్‌లో నానబెడతారు. స్ప్రింగు బోల్టులను ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగిస్తారు. వైరు ఆట సరిచూసి బండిని మళ్లీ ఘాటుకే తీసుకెళ్తారు. ఎత్తులో, మూడో గేరులో యాక్సిలరేటర్ నిండా తిప్పుతారు. ఈసారి మోత, వేగం రెండూ కలిసి పెరుగుతూ బండి అనంత పద్మనాభస్వామి గుడి వైపు మలుపు తిరుగుతుంది.