బ్యాటరీకి చలేసిన రాత్రి

మా డాబా మీది పెంట్‌హౌస్ గదిలో భీమవరం కుర్రాడొకడు అద్దెకుంటాడు. సినిమాల్లో కెమెరా అసిస్టెంటు. అటు కృష్ణానగర్, ఇటు ఫిల్మ్‌నగర్, కాస్త దూరంలో అన్నపూర్ణ స్టూడియో ఉండటంతో మా శ్రీనగర్ కాలనీలో డాబా గదుల్లో చాలావరకు ఇలాంటి పిల్లలే ఉంటారు. అతనికి సొంతంగా ఆరు వి-మౌంట్ బ్యాటరీలున్నాయి, ఇటుకంత సైజువి. ప్యాకప్ అయి ఎంత రాత్రి వచ్చినా అన్నానికి కూర్చోకముందే వాటిని వరసగా ఛార్జింగ్ పెడతాడు. ఏది ఎప్పుడు కొన్నాడో, ఏది ఎంతసేపు నిలుస్తుందో తెల్లటి టేపు ముక్క మీద రాసి దానికే అంటిస్తాడు. చలిలో ఆకాశాన్ని ఫొటో తీయడం గురించి నాకు తెలిసిందాంట్లో సగం ఆ టేపు ముక్కల దగ్గర మొదలైంది.

అదే డాబా మీద నేను తొమ్మిదేళ్లుగా నక్షత్రాల ఫొటోలు తీస్తున్నాను. 80 మిల్లీమీటర్ల టెలిస్కోపు, ఆకాశంతో పాటు దాన్ని మెల్లగా తిప్పే మౌంటు, సెన్సరును చల్లబరుచుకునే కెమెరా, వీటన్నిటినీ నడిపే అరచేతి కంప్యూటరు. ధ్రువ నక్షత్రం హైదరాబాదులో 17 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది కాబట్టి పిట్టగోడకీ పక్కింటి నీళ్ల ట్యాంకుకీ మధ్య సందులోంచి దాన్ని పట్టుకుని మౌంటు సరిచేస్తాను. ఈ ఏళ్లలో కరెంటు గురించి ఒక్కనాడూ ఆలోచించలేదు. మెట్ల గదిలోంచి ఎక్స్‌టెన్షన్ బాక్సు లాగితే పనైపోయేది. వాతావరణ రికార్డుల్లో ఈ ఊరి అతి చల్లని రాత్రి 1946 జనవరిలో, 6.1 డిగ్రీలు. ఇక్కడ మా బాధ వేడితో. ఏప్రిల్ రాత్రి 30 డిగ్రీలున్నప్పుడు సెన్సరును మైనస్ 10కి దింపాలంటే దాని కూలరు పూర్తి బలంతో ఆయాసపడుతూ ఉంటుంది. సెన్సరు ఆరేడు డిగ్రీలు చల్లబడిన ప్రతిసారీ అందులో పుట్టే వేడి చుక్కల గోల సగానికి సగం తగ్గుతుంది. అందుకే ఆ ఖర్చంతా.

నా కోరిక పిల్లలకోడి. పంచాంగంలో కృత్తిక. ఆ నక్షత్రాల చుట్టూ నీలంగా మసకగా ధూళి అల్లుకుని ఉంటుంది. హోర్డింగుల వెలుగులో మునిగిన మా కాలనీ ఆకాశంలో ఎన్ని గంటలు తీసినా అది రాదు. లద్దాఖ్‌లోని హాన్లే అబ్జర్వేటరీ ఇంజనీరు దోర్జే అంగ్‌చుక్ తీసిన ఆకాశం ఫొటోలు చూసినప్పటి నుంచి మనసు అక్కడే ఉండిపోయింది. హాన్లే ఊరు సముద్ర మట్టానికి దాదాపు 4,300 మీటర్ల ఎత్తున ఉంది. 2022 డిసెంబరులో ఆ చుట్టుపక్కల ప్రాంతాన్ని చీకటి ఆకాశ రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. ఊళ్లో కిటికీలకు మందపాటి తెరలు వేసుకుని ఆకాశానికి చీకటిని మిగులుస్తారు. రెండేళ్ల కిందట అక్టోబరు చివర్లో బయల్దేరాను.

అక్కడ ఆరుబయట ప్లగ్గు ఉండదు. విమానంలో పెద్ద బ్యాటరీ ఎక్కనివ్వరు. 100 వాట్-అవర్ల లోపు లిథియం బ్యాటరీని అనుమతి అడక్కుండా చేతి సంచిలో తీసుకెళ్లొచ్చు. 160 దాకా విమాన సంస్థ ఒప్పుకోవాలి, అవీ రెండే. అది దాటితే లేనే లేదు. లేహ్‌లో కారు బ్యాటరీ తీసుకోమని ఒకరిద్దరు చెప్పారు. సీసం, ఆమ్లంతో నడిచే బ్యాటరీ మైనస్ 18 దగ్గర సుమారు సగం శక్తే ఇస్తుంది. పైగా అది ఖాళీ అయ్యేకొద్దీ లోపలి ఆమ్లం నీళ్లలా పలచబడుతుంది. అలా పలచబడ్డాక మైనస్ పదికి కాస్త అటూ ఇటూ గడ్డకట్టి డబ్బానే పగలగొట్టవచ్చు. తెల్లారి బండి స్టార్టు కావాల్సిన డ్రైవరు బ్యాటరీని నా ఫొటోల కోసం పిండుకోవడం న్యాయం కాదనిపించింది.

సంగతి విని మా డాబా కుర్రాడు తన బ్యాటరీలు నాలుగు తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఒక్కొక్కటి 98 వాట్-అవర్లు. విమానాలెక్కే షూటింగ్ యూనిట్ల కోసమే ఆ కొలతలో చేస్తారు. వాటి నుంచి వచ్చే కరెంటు 14.4 వోల్టులు, నిండా ఛార్జ్ అయితే 16.8. నా మౌంటుకు కావాల్సింది 12. కోఠిలోని గుజరాతీ గల్లీ నుంచి వోల్టేజి తగ్గించే చిన్న బోర్డు తెచ్చి, డి-ట్యాప్ వైరుకు టంకం వేసి కలిపాను. నా సామానంతా కలిపి 30 వాట్లు తాగుతుంది. అంటే ఒక్కో బ్యాటరీ మూడు గంటల పైమాట, నాలుగూ కలిస్తే 13 గంటలు. రాత్రికి సరిపోయి మిగులుతుందని లెక్కేసుకున్నాను. వెళ్లేముందు అతనొక మాట అన్నాడు. "అక్కా, చలికి బ్యాటరీ చచ్చిపోదు, ముడుచుకుంటుంది. ఒంటికి ఆనించి పెట్టుకోండి." తల ఊపాను గానీ లోపలికి తీసుకోలేదు.

హాన్లేలో మొదటి రాత్రి, ఎనిమిదింటికి మైనస్ 9. బ్యాటరీని ట్రైపాడ్ కాలికి తగిలించాను. కెమెరా కూలరు దాదాపు సున్నా శాతం చూపిస్తోంది. మైనస్ 10 నేను అడగక్కర్లేదు, గాలే ఇస్తోంది. హైదరాబాదులో అంత కరెంటు మింగే పని ఇక్కడ ఊరికే అవుతోందని పొంగిపోయాను. పదింటికల్లా బ్యాటరీ మీది నాలుగు గీతల్లో ఒక్కటే మిగిలింది. ఇంకాసేపటికి లెన్సు మీద మంచు పట్టకుండా చుట్టిన హీటరు పట్టీ ఆన్ కాగానే మౌంటు టక్కున ఆగిపోయింది. తెర మీద నక్షత్రాలన్నీ గీతలైపోయాయి. రెండో బ్యాటరీ సంచిలోనే చల్లబడి ఉంది, అది ఇంకా ముందే పడిపోయింది. అప్పటికి మైనస్ 14. చేతి తొడుగులు తీసి కనెక్టరు పట్టుకుంటే వేళ్లకు లోహం అంటుకుంటోంది. వైర్ల ప్లాస్టిక్కు పుల్లల్లా బిగుసుకుపోయింది.

అప్పుడు గుర్తొచ్చింది అతని మాట. ఖాళీ అయిందనుకున్న మొదటి బ్యాటరీని స్వెట్టరు లోపల పొట్టకు ఆనించుకుని, మోకాళ్లు ముడుచుకుని కారులో కూర్చున్నాను. ఐస్ ముక్కను కట్టుకున్నట్టే ఉంది. అరగంట తర్వాత తీసి బటన్ నొక్కితే రెండు గీతలు వెలిగాయి. ఎవరూ ఛార్జింగ్ పెట్టలేదు. అందులో ఉన్నదే మళ్లీ బయటికొచ్చింది.

చలికాలంలో కొబ్బరినూనె సీసాలో పేరుకున్నట్టే ఇది. సీసా బోర్లించినా చుక్క రాదు, అలాగని నూనె లేకపోలేదు. కాసేపు ఎండలో పెడితే చాలు. బ్యాటరీ లోపల లిథియం అయాన్లు ఒక ద్రవంలో ఈ కొస నుంచి ఆ కొసకు నడుస్తాయి. చలికి ఆ ద్రవం చిక్కబడుతుంది, నడక మందగిస్తుంది, లోపలి నిరోధం పెరుగుతుంది. కొద్ది కరెంటు అడిగితే ఎలాగో ఇస్తుంది. హీటరు లాంటిదేదో ఒక్కసారిగా ఎక్కువ లాగితే వోల్టేజి కుంగుతుంది. ఒక హద్దు దాటి కుంగగానే, ఖాళీ అయిపోయానని లోపలి రక్షణ సర్క్యూటు తలుపు మూసేస్తుంది. ఆ రాత్రి నన్ను ఆపింది ఆ మూసిన తలుపే.

తిరిగొచ్చాక ఊరుకోబుద్ధి కాలేదు. సొంతంగా నాలుగు బ్యాటరీలు కొన్నాను. ఒకదాన్ని జిప్ కవర్లో పెట్టి మా ఫ్రిజ్ డీప్ ఫ్రీజరులో, మైనస్ 18లో పడుకోబెట్టాను. తలుపు రబ్బరు సందులోంచి వైరు బయటికి తీసి 30 వాట్ల బల్బు తగిలించి, గడియారం పెట్టుకుని వంటగదిలో కూర్చున్నాను. బయట ఇదే బ్యాటరీ 3 గంటల 10 నిమిషాలు వెలిగించింది. ఫ్రీజరులో 2 గంటలైనా నిండలేదు. ఆ కాగితం ఇప్పటికీ ఫ్రిజ్ తలుపు మీదే ఉంది. డబ్బా మీద రాసిన అంకె గది వెచ్చదనానికి వేసిన లెక్క. మనం నిలబడే చోటికి మన లెక్క మనమే వేసుకోవాలి.

ఇంకో ముఖ్యమైన సంగతి ఎడ్మంటన్‌లో ఉండే మా అక్క కొడుకు దగ్గర నేర్చుకున్నాను. వాడు తన పెరట్లోనే, మైనస్ 25లో కూడా టెలిస్కోపు పెడతాడు. అక్కడ చలికాలంలో కారు ఇంజను గడ్డకట్టకుండా రాత్రంతా హీటరు తగిలించి ఉంచుతారు కాబట్టి చాలా ఇళ్ల బయట ప్లగ్గు ఉంటుంది. వాడిది అక్కణ్నుంచే కరెంటు. అయినా వాడికీ తిప్పలు తప్పలేదు. మామూలు వైరు చలికి కర్రలా బిగిసి తోలు పగిలింది. సిలికాన్ తొడుగున్న వైరుకు మారాడు. మౌంటులోని గ్రీజు చిక్కబడి మోటారు ఎక్కువ కరెంటు లాగింది. దాన్ని కడిగి, చలికి పనికొచ్చే గ్రీజు పెట్టుకున్నాడు. ఫోన్లో వాడన్న మాట మాత్రం నా పద్ధతినే మార్చేసింది. "పిన్నీ, కంప్యూటరు వేడిని ఆకాశానికి ఎందుకిస్తున్నావ్? బ్యాటరీకి ఇవ్వు."

నిజమే. నా అరచేతి కంప్యూటరు పది వాట్లకు పైగా తాగుతుంది. తాగిందంతా చివరికి వేడే అవుతుంది. వోల్టేజి తగ్గించే బోర్డూ వేడెక్కుతుంది. ఆ రెండింటినీ, నాలుగు బ్యాటరీలనూ ఒకే థర్మోకోల్ డబ్బాలో పెట్టాను. ఐస్‌క్రీములు కరక్కుండా తెచ్చే డబ్బాయే, లోపలి వెచ్చదనాన్నీ అలాగే కాపాడుతుంది. మూతకు వేలు పట్టేంత రంధ్రం ఒకటి చేసి వైర్లన్నీ అందులోంచి తీశాను. లోపల చిన్న థర్మామీటరు. అడుగున, నేల చలి తగలకుండా పాత యోగా చాప ముక్క. బయల్దేరేటప్పుడు డబ్బా చల్లగా ఉండకూడదని ఒక వేడినీళ్ల సంచి. కశ్మీరులో ఫెరన్ కింద కాంగ్రీ నిప్పుల కుండ పెట్టుకుంటారే, మా కాలనీ పేరే ఉన్న ఆ శ్రీనగర్ పద్ధతి ఇన్నాళ్లకు అక్కరకొచ్చింది. హీటరు పట్టీని పూర్తి బలంతో కాకుండా మూడో వంతుకు తగ్గించాను. హాన్లే గాలి పొడిగా ఉంటుంది, లెన్సుకు అంతకన్నా అక్కర్లేదు.

పోయిన అక్టోబరులో మళ్లీ వెళ్లాను. ఏడింటికి మొదలుపెట్టాను. పదింటికి బయట మైనస్ 12, డబ్బాలో 21. ఒంటిగంటన్నరకు కృత్తిక దాదాపు నడినెత్తి మీదికొచ్చింది. బయట మైనస్ 15, డబ్బాలో 18. చేయడానికి పనేమీ లేక కుర్చీలో దుప్పటి కప్పుకుని కూర్చున్నాను. ఎదుటి కొండ మీద, 4,500 మీటర్ల ఎత్తున, రెండు మీటర్ల అద్దమున్న హిమాలయన్ చంద్ర టెలిస్కోపు గుమ్మటం నల్లగా కనిపిస్తోంది. దాన్ని నడిపేవాళ్లు బెంగళూరు పక్కన హోసకోటలో కూర్చుని ఉపగ్రహం ద్వారా నడుపుతారు. ఆ కొండ మీద కూడా పగటి ఎండను సౌర ఫలకాలతో పట్టి, బ్యాటరీల్లో దాచి, రాత్రి వాడుకుంటూ వచ్చారు.

మన ఊరి నిజామియా అబ్జర్వేటరీ గుర్తొచ్చింది. 1901లో నవాబ్ జఫర్ జంగ్ ఫిసల్‌బండ దగ్గర మొదలుపెట్టాడు. తర్వాత బేగంపేటకు మారింది. పలు దేశాల అబ్జర్వేటరీలు ఆకాశాన్ని పంచుకుని ఫొటోలు తీసిన మహా పటం పనిలో హైదరాబాదు వంతుగా దక్షిణాన 17 నుంచి 23 డిగ్రీల మధ్య పట్టీ వచ్చింది. ఎనిమిది అంగుళాల కుక్ టెలిస్కోపుతో గాజు పలకల మీద లక్షల నక్షత్రాలను పట్టారు. ఆ కాలపు టెలిస్కోపులను తిప్పింది గడియారపు యంత్రం. చేత్తో పైకి చుట్టిన బరువు మెల్లగా కిందికి దిగుతూ ఉంటే ఆ బరువే టెలిస్కోపును ఆకాశంతో పాటు నడిపించేది. బరువు కిందికి చేరేలోపు మళ్లీ చుట్టాలి. బేగంపేట మా కాలనీకి ఎంత దూరమని. అక్కడ రాత్రంతా బరువులు చుట్టినవాళ్ల చేతుల గురించి ఆలోచిస్తూ కూర్చున్నాను. నా చేతులు జేబుల్లో వెచ్చగా ఉన్నాయి.

ఐదింటికి ఆపాను. మూడు బ్యాటరీలు అయిపోయాయి, నాలుగోదాంట్లో ఇంకా మూడు గీతలున్నాయి. కృత్తిక ఫొటోలు 92 వచ్చాయి, ఒక్కోటి మూడు నిమిషాలది. ఒక్కదాంట్లోనూ నక్షత్రం గీత కాలేదు.

సర్దే తొందరలో ఖాళీ బ్యాటరీలను జిప్ కవర్లో వేసి కారు పైన పెట్టి, గంటసేపు అక్కడే వదిలేశాను. హోమ్‌స్టే వంటింటికి తెచ్చేసరికి మంచుగడ్డల్లా ఉన్నాయి. వెంటనే ఛార్జింగ్ పెట్టేదాన్నే, రాత్రికి మళ్లీ కావాలి కదా. సున్నా డిగ్రీల కింద లిథియం బ్యాటరీ కరెంటు ఇవ్వగలదు గానీ పుచ్చుకోలేదు. బలవంతంగా ఎక్కిస్తే లోపలి గ్రాఫైట్ పొరల్లోకి ఇంకాల్సిన లిథియం పైనే లోహంగా పేరుకుంటుంది. ఆ నష్టం మళ్లీ తిరిగి రాదు. మా డాబా కుర్రాడు టేపు ముక్క మీద రాసిచ్చిన రెండో మాట అదే: "రెండు గంటలు ఆగాలి." కవర్లోంచి తీయకుండా పొయ్యికి మూడు అడుగుల దూరంలో పీట మీద వరసగా పేర్చాను. ఇంటావిడ ఉప్పు వేసిన వెన్న టీ ఇచ్చి, వాటిని ఇంకాస్త దగ్గరికి జరపబోయింది. వద్దని చెయ్యి అడ్డం పెట్టాను. ఏడున్నరకు కవరు మీది తడి ఆరింది. తీసి చెంపకు ఆనించి చూశాను, చలి లేదు. ఎనిమిదింటికి ఛార్జరు తగిలిస్తే ఎర్రదీపం వెలిగింది.