మంచు తాగిన అనపకాయ

అనపకాయ రుచి పూర్తిగా పట్టుబడాలంటే రెండు కూడిరావాలి: పుష్యమాసపు మంచు, తొందరలేని పొద్దు. మొదటిది మా చింతామణి, బాగేపల్లి, చిక్కబళ్ళాపురం సీమకు ఏటా దక్కేదే. రెండోది నాకు ఉద్యోగం విరమించాకే దక్కింది.

తెల్లవారకముందే సంతకు పోతాను. గోనెపట్టాల మీద గుట్టలు గుట్టలుగా పచ్చని కాయలు, వాటి మీద ఇంకా ఆరని తడి. "మంచు పట్టిన కాయప్పా, ఇప్పుడే తెంపుకొచ్చింది, వాసన చూడు" అంటుంది అవ్వ. చూడమని వేరే చెప్పాలా! దోసిట్లోకి తీసుకోగానే వేళ్ళకు సన్నని జిడ్డు, ఆ జిడ్డులోంచి పచ్చిగా, ఘాటుగా, కమ్మగా లేచే పరిమళం. చలి ముదిరినకొద్దీ అది చిక్కనవుతుంది. మబ్బు కమ్మిన రోజుల్లో కాయ కాస్తుంది గానీ ఆ వాసన కట్టదు. ఒక రాత్రి ఆకాశమంతా దిగివచ్చి ఒక కాయ తొక్క మీద నిలిచిపోయిందంటే నమ్మాలనిపించే వాసన అది!

మా చేలో అనప ఎన్నడూ ఒంటిగా పుట్టలేదు. రాగి సాళ్ళ నడుమ ఒక సాలు అనప, ఒక సాలు కంది, అక్కడక్కడ జొన్న, ఆవాలు. నాన్న గొర్రు తోలుతుంటే అమ్మ వెనకే వెదురు గొట్టం పట్టుకుని అనపగింజలు జారవిడిచేది. కార్తీకం దాటి కొడవళ్ళు దిగి, బరువెక్కిన రాగి వెన్నులన్నీ కల్లానికి తరలిపోయాక, చేను బోసిపోయేది. అప్పుడు చూడాలి అనప సొగసు! అంతదాకా రాగి నీడన ఒదిగి ఉన్న తీగ ఒక్కసారిగా నడుము విప్పుకునేది. వాన వెళ్ళిపోయింది, బావినీళ్ళు అక్కడికి పారవు. రాత్రి మంచు తాగి, పగటి ఎండ తాగి, తెల్లగా, ఊదాగా పూలెత్తేది. ఎవరినీ చేయి చాచి అడగని పైరు, ఎంత అభిమానవంతురాలు!

అడిగినా ఇవ్వడానికి మాకు నీళ్ళెక్కడివి? నందికొండ చుట్టుపట్ల పెన్న పుడుతుంది, పాలారు పుడుతుంది, బాగేపల్లి దారిన పోయే చిత్రావతీ పుడుతుంది. పుట్టినిల్లు మాది, కాపురాలు మాత్రం పొరుగు సీమల్లో. మాకు చెరువులు, కపిల బావులు మిగిలాయి. ఇప్పుడు మా సీమ దారులన్నీ ద్రాక్ష పందిళ్ళు, చామంతి తోటలు, టమాటా కట్టెల వరసలు. వాటికి లోతు బోర్ల నీళ్ళు. వాటి అందం వాటిది. నా చెవిలో ఉన్నది కపిల.

ఆ కపిల సంగీతం విన్నవాళ్ళకే తెలుసు. ఎద్దులు వాలున దిగుతుంటే గిలక మూలిగేది, మోకు బిగిసేది, తోలు బొక్కెన బావి చీకట్లోంచి నిండుగా పైకొచ్చేది. తొండం తెరుచుకుని తొట్టిలోకి నీళ్ళు గుభిల్లున దూకేవి. ఎద్దులు వెనకడుగులతో గట్టెక్కే ఆ కాస్త విరామంలో నాన్న గొంతు లేచేది. పాడేవి కైవారం తాతయ్య తత్త్వాలు. గాజులమ్ముకుంటూ తిరిగిన నారాయణప్పే ఆ తాతయ్య, వర్తకం విడిచి యోగి అయ్యాడు. 1726లో పుట్టి 1836 దాకా, 110 ఏళ్ళు ఉన్నాడని మావాళ్ళు చెప్పుకుంటారు. తెలుగులోనూ కన్నడంలోనూ పాడినవాడు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం నేర్చిన మేము ఆయన తెలుగు పాటలను కన్నడ లిపిలో చదువుకున్నాం. ఒక్క పలుకు చెడలేదు, ఒక్క తీపి తగ్గలేదు. గిలక శ్రుతి, నీళ్ళ తాళం, తెలవారే వేళ, తాతయ్య మాట! ఏ సభలో కూర్చుంటే దొరుకుతుంది అలాంటి కచేరీ!

ఆ పాటలే ఇప్పుడు సాయంత్రాల్లో రావిచెట్టు కట్ట మీద వినబడతాయి. పింఛను తీసుకునే ముసలివాళ్ళం చేరతాం. ఒకప్పుడు బస్సులో టిక్కెట్లు కోసినవాడు, బడిలో పాఠం చెప్పినవాడు, కచేరీలో దస్త్రాలు రాసినవాడు. అందరి మాటలూ చివరికి ఎద్దుల దగ్గరికే, కల్లం దగ్గరికే వస్తాయి. పేడతో అలికిన కల్లంలో రాగిరాశికి పూజచేసి, తొలి శేరును ఒకటి అనకుండా "లాభం" అని కొలిచిన తండ్రుల గొంతులను ఒకరొకరం అనుకరిస్తాం. ఆ క్షణాన డెబ్బై దాటిన ముఖాల్లో కదిలే వెలుగు నేను మరెక్కడా చూడలేదు.

ఇక ఇంట్లో అనపగింజలు నానతాయి. రెండు వేళ్ళ మధ్య పట్టి నొక్కితే పొట్టు వేళ్ళలోనే ఉండిపోయి, లేతాకుపచ్చ పప్పు చటుక్కున గిన్నెలోకి ఎగురుతుంది. పితికిపప్పు! నేనూ నా భార్యా ఎదురెదురుగా కూర్చుని, మాటల మధ్యన, మాటలు లేకుండానూ, గిన్నె నింపుతాం. కొబ్బరి, ధనియాలు నూరి వేసి ఉడికించిన సారులో పొగలు కక్కే రాగిముద్దను అద్ది, నమలకుండా జార్చుకుంటే, వెన్నలాంటి పప్పు అంగిట విడిపోతుంది, వెనకనుంచి చేను వాసన మెల్లగా పైకొస్తుంది. ఆహా, అదొక నిండు రసానుభూతి!

చిన్నప్పుడు ఇదే తిన్నాను. అప్పుడు ఆకలి తినేసింది. రుచి చూసే తీరిక లేదు. పదిమందికి పితికి, వండి, వడ్డించి, అడుగున మిగిలిన సారుతో ముద్ద ముగించిన అమ్మకు ఆ తీరిక ఎన్నడూ రాలేదు. నాకు దొరికిన ఈ నెమ్మది పొద్దులో సగం ఆమెకు చెందవలసినది.

సంక్రాంతికి ముందో వెనకో, చలి గట్టిగా ఉన్న వారం చూసుకుని మా చింతామణికి రండి. పొద్దెక్కకముందే సంతకు వెళ్ళి, కాయను ముక్కు దగ్గర పెట్టుకుని ఎంచుకోండి. ఫ్రిజ్‌లో మాత్రం దాచకండి. ఆ పూటే ఒలిచి, ఆ పూటే వండండి.