రేసు చూడటమూ ఒక విద్యే

2000 ఆగస్టు 27. బెల్జియంలోని స్పా సర్క్యూట్. ముందు ఫెరారీలో మైకేల్ షూమాకర్, వెనక మెక్‌లారెన్‌లో మికా హాకినెన్. రేసు ముగియడానికి కొద్ది ల్యాప్‌లే మిగిలాయి. కెమెల్ స్ట్రెయిట్ అనే తిన్నని దారి మీద హాకినెన్ కుడివైపు నుంచి చొరబడబోతే షూమాకర్ దారి మూసేశాడు. గంటకు 300 కిలోమీటర్ల వేగంలో రెండు కార్లూ రాసుకున్నంత పనయింది. మరుసటి ల్యాప్‌లో అదే చోట, ఒక ల్యాప్ వెనకబడిన రికార్డో జోంటా కారు వాళ్లిద్దరికీ అడ్డొచ్చింది. షూమాకర్ దాని ఎడమ నుంచి వెళ్లాడు, హాకినెన్ కుడి నుంచి దూసుకుపోయాడు. మలుపు దగ్గరికొచ్చేసరికి హాకినెన్ ముందున్నాడు. రేసు అతనిదే అయింది.

దాటడానికి పట్టింది కొన్ని సెకన్లే. దాని వెనక ఎన్నో ల్యాప్‌ల తరుముడు ఉంది, బెడిసికొట్టిన ప్రయత్నం ఉంది, అది నేర్పిన పాఠం ఉంది. ఫార్ములా వన్ చప్పబడిపోయిందని, ముందు బయల్దేరినవాడే ముందు ముగిస్తున్నాడని ఈమధ్య తరచూ వినిపిస్తోంది. ఆ ఫిర్యాదులో కొంత నిజముంది. అయినా ఈ ఆట ఉత్కంఠ ఓవర్‌టేక్‌ల లెక్కకు అందేది కాదు. దాటి తీరాలనుకునేవాడికీ దాటనివ్వనివాడికీ మధ్య సాగే పెనుగులాటే అసలు రేసు. అది ఇప్పటికీ సజీవంగా ఉంది. ఎక్కడ చూడాలో తెలిస్తే కళ్లు తిప్పుకోలేం.

గాలితోనే మొదటి చిక్కు

ఫార్ములా వన్ కారు మలుపుల్లో అంత వేగంగా తిరగడానికి కారణం గాలి. ముందు, వెనక రెక్కలు, కారు అడుగుభాగం కలిసి గాలిని మలిచి కారును నేలకు అదిమిపెడతాయి. ఈ ఒత్తిడినే డౌన్‌ఫోర్స్ అంటారు. ముందు వెళ్లే కారు ఆ గాలిని చిందరవందర చేసి వదులుతుంది. వెనక కారుకు చెదిరిన గాలే దక్కుతుంది కాబట్టి దాని పట్టు సడలుతుంది, టైర్లు జారి వేడెక్కి త్వరగా అరుగుతాయి. 2021 నాటి కార్లు ముందు కారుకు 20 మీటర్ల దూరంలో 35 శాతం, 10 మీటర్ల దూరంలో 46 శాతం డౌన్‌ఫోర్స్ కోల్పోయేవని నిర్వాహకులే లెక్క చెప్పారు. వేగమైన కారున్న డ్రైవరు కూడా నెమ్మది కారు వెనక చిక్కుకుపోయేది ఇందుకే.

స్ట్రెయిట్ మీద మాత్రం అదే గాలి మేలు చేస్తుంది. ముందు కారు గాలిని చీల్చుకుంటూ పోతుంటే వెనకవాడికి ఎదురుగాలి తగ్గి అదనపు వేగం వస్తుంది. ఇదే స్లిప్‌స్ట్రీమ్. అంటే మలుపులో పోగొట్టుకున్నదాన్ని స్ట్రెయిట్‌లో రాబట్టుకోవాలి. స్ట్రెయిట్‌లోకి వచ్చే ఆఖరి మలుపులో ఎంత దగ్గరగా ఉండగలిగాడన్నదే ముందు కారును దాటగలడో లేదో చాలావరకు తేలుస్తుంది.

దాటేవాడి నేర్పు, కాచేవాడి నిబ్బరం

స్ట్రెయిట్ చివర బ్రేకు వేసే చోట తొలి పరీక్ష. దాటాలనుకునేవాడు లోపలివైపుకొచ్చి, ముందువాడి కంటే ఆలస్యంగా బ్రేకు తొక్కుతాడు. మరీ ఆలస్యమైతే టైరు బిగుసుకుపోయి కారు మలుపు దాటి బయటికి జారుతుంది. తెలివైన ప్రత్యర్థి దీన్నే తనకు అనుకూలంగా మార్చుకుంటాడు. లోపలి నుంచి దూరినవాడిని పోనిచ్చి, తాను కాస్త ముందే వేగం తగ్గించుకుని, మలుపును వెడల్పుగా తీసుకుని, ముందుగా యాక్సిలరేటర్ నొక్కి లోపలివైపు నుంచి మళ్లీ బయటపడతాడు. చేజారిన స్థానం మరుసటి మలుపుకే తిరిగి దక్కుతుంది.

కాచుకునేవాడికి నియమాలున్నాయి. స్ట్రెయిట్ మీద దారి మూయడానికి ఒక్కసారే పక్కకు జరగాలి. ఎదుటివాడు బ్రేకు వేస్తుండగా అడ్డం తిరగకూడదు. ఈ కట్టుబాట్ల నడుమ ప్రత్యర్థిని ఆపడం గొప్ప విద్య. 1992 మొనాకో రేసు దానికి చెరగని ఉదాహరణ. ఆ ఏడాది తొలి ఐదు రేసులూ గెలిచిన నైజెల్ మాన్సెల్ ఇక్కడా ముందున్నాడు. చక్రం వదులైందన్న అనుమానంతో చివర్లో టైర్లు మార్చే పిట్‌లోకి రావాల్సివచ్చింది. కొత్త టైర్లతో తిరిగొచ్చి, ఈలోగా ముందుకెళ్లిపోయిన, అరిగిన టైర్ల మీదున్న అయర్టన్ సెన్నాను వెంటాడాడు. ఆఖరి ల్యాప్‌లలో కుడి, ఎడమ అన్ని వైపులా ప్రయత్నించాడు. సెన్నా ఒక్క అంగుళం ఇవ్వలేదు. 0.215 సెకన్ల తేడాతో గెలిచాడు. ముందు స్థానం కోసం ఆ ల్యాప్‌లలో ఒక్క ఓవర్‌టేక్ కూడా జరగలేదు. అయినా ఫార్ములా వన్ చరిత్రలో అంత ఊపిరి బిగబట్టి చూసిన ల్యాప్‌లు కొన్నే.

2021 హంగరీ రేసులో అప్పుడే 40 ఏళ్లు నిండిన ఫెర్నాండో అలోన్సో కూడా ఇదే విద్య చూపించాడు. తన కంటే ఎంతో వేగంగా వస్తున్న లూయిస్ హామిల్టన్‌ను సుమారు పది ల్యాప్‌లు ఆపాడు. ఆ ఆలస్యం వల్లే జట్టు సహచరుడు ఎస్తెబాన్ ఓకాన్‌కు తొలి విజయం దక్కింది.

పిట్‌లో జరిగే పోరు

ట్రాక్ మీద దాటలేనివాడిని పిట్‌లో దాటొచ్చు. పొడి వాతావరణంలో ప్రతి డ్రైవరూ కనీసం రెండు రకాల టైర్లు వాడాలి. ఎర్ర గుర్తున్న మెత్తటి టైరుకు వేగమెక్కువ, ఆయుష్షు తక్కువ. తెల్ల గుర్తున్న గట్టి టైరు ఎక్కువసేపు నిలుస్తుంది. వెనకవాడు ముందుగా టైర్లు మార్చుకుని, కొత్త టైర్ల వేగంతో ఒకటి రెండు ల్యాప్‌లు చిచ్చరపిడుగులా తిరిగితే, ముందువాడు పిట్ నుంచి బయటికొచ్చేసరికి స్థానాలు మారిపోతాయి. దీన్ని అండర్‌కట్ అంటారు. 2023లో ఖతార్‌లో మెక్‌లారెన్ సిబ్బంది 1.80 సెకన్లలో నాలుగు టైర్లూ మార్చి రికార్డు సృష్టించారు. మనిషి చేతులు ఇంత వేగంగా, ఇంత పొందికగా పనిచేయడం చూడటమే ఒక అబ్బురం.

నిబంధనలు తెచ్చిన మార్పు

దాటడం కష్టమైపోయిందని 2011లో డీఆర్‌ఎస్ తెచ్చారు. ముందు కారుకు ఒక్క సెకను లోపు దూరంలో ఉంటే, నిర్ణీత స్ట్రెయిట్‌లో వెనక రెక్క తెరుచుకుని వేగం పెరిగేది. ఓవర్‌టేక్‌లు పెరిగిన మాట నిజమే. చాలాసార్లు ముందువాడికి అడ్డుకునే అవకాశమే లేకపోయిన మాటా అంతే నిజం. కాచుకునే హక్కు తీసేస్తే దాటడానికి విలువుండదు.

2022లో మరింత మెరుగైన దారి ఎంచుకున్నారు. డౌన్‌ఫోర్స్‌లో ఎక్కువ భాగం కారు అడుగునుంచే పుట్టేలా నిబంధనలు మార్చడంతో వెనక కారుకు గాలి మునుపటి కంటే శుభ్రంగా అందింది. బరువు సమస్య మాత్రం మిగిలిపోయింది. 2000 సంవత్సరం ప్రాంతంలో డ్రైవరుతో కలిపి 600 కిలోలున్న కారు 2025 నాటికి 800 కిలోలైంది. మొనాకో వీధులు మాత్రం వెడల్పు కాలేదు. 2026 నిబంధనలు కనీస బరువును 768 కిలోలకు, వెడల్పును 10 సెంటీమీటర్లు తగ్గించి, డీఆర్‌ఎస్‌ను తొలగించాయి. కారును చిన్నది చేయడమే ఇన్నేళ్లలో తీసుకున్న అత్యంత సరైన నిర్ణయమని నా నమ్మకం.

ఒకే జట్టు ఏలుబడి విసుగు పుట్టిస్తుందన్నదీ కాదనలేం. 2023లో 22 రేసుల్లో 21 రెడ్‌బుల్‌వే. కానీ మరుసటి ఏడాదే ఏడుగురు డ్రైవర్లు రెండేసి, అంతకు మించి రేసులు గెలిచారు. 2025 ఆగస్టు చివర అగ్రస్థానానికి 104 పాయింట్లు వెనకబడిన మాక్స్ వెర్‌స్టాపెన్ చివరికి లాండో నోరిస్ చేతిలో కేవలం 2 పాయింట్లతో టైటిల్ పోగొట్టుకున్నాడు. ఇది చప్పబడిన ఆటకు ఆనవాలు కాదు.

మన ముంగిట్లోకీ వచ్చింది

2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్ హుస్సేన్‌సాగర్ తీరాన ఫార్ములా ఈ విద్యుత్ కార్లు పరుగెత్తాయి. ఇరుకు వీధి సర్క్యూట్‌లో, బ్యాటరీలో మిగిలిన శక్తిని లెక్కపెట్టుకుంటూ, వెంటాడుతున్న నిక్ క్యాసిడీని చివరిదాకా ఆపి జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. ఇంజిన్ గర్జన లేకపోయినా కాచే విద్య మాత్రం ఆనాటి మొనాకోదే.

యూరప్ రేసులు మనకు ఎక్కువగా ఆదివారం సాయంత్రం ఆరున్నరకు మొదలవుతాయి. ఈసారి చూసేటప్పుడు మొదటి స్థానాన్నే అంటిపెట్టుకోకండి. తెర పక్కన కార్ల మధ్య దూరాలు చూపే అంకెల మీద కన్నేయండి. మూడు సెకన్లున్న దూరం రెండున్నర, రెండు, ఒకటిన్నర అవుతుంటే, అది ఏడో స్థానం కోసమైనా సరే, పోరు అక్కడే రాజుకుంటోంది. ఎవరి టైర్లు ఎన్ని ల్యాప్‌లు పాతవో, ఆఖరి మలుపులో ఎవరు దగ్గరవుతున్నారో గమనించండి. దాటితే ఆ నేర్పు ఎలాంటిదో అర్థమవుతుంది. దాటలేకపోతే, ఆపినవాడి ఘనత అర్థమవుతుంది. ఆ రెండింటికీ సమానంగా చప్పట్లు కొట్టే ప్రేక్షకులు ఉన్నంతకాలం ఈ ఆటకు ఢోకా లేదు.