చెప్పి తాకే చేయి

నొప్పులు పడే మనిషికి “భయపడకు” అని చెప్పడం ఎవరికైనా చేతనవుతుంది. మంచి మిడ్‌వైఫ్ ఆ మాట వాడదు. “ఇప్పుడు చేయి పెట్టి చూస్తానమ్మా, సరేనా? వద్దంటే ఆపేస్తా” అంటుంది. అని, జవాబు వచ్చేదాకా ఆగుతుంది. ఆమె పనితనమంతా నాకు ఆ ఆగడంలోనే కనిపిస్తుంది.

భయపడితే ఒంట్లో అడ్రినలిన్ పెరుగుతుంది. అది గర్భసంచికి నొప్పులు తెప్పించే ఆక్సిటోసిన్‌కు అడ్డుపడుతుంది. ఒళ్లు బిగుసుకుంటుంది, బిగుసుకున్నకొద్దీ బాధ పెరుగుతుంది. భయంతో ఒళ్లు బిగుసుకుని బాధ పెరుగుతుందని బ్రిటిష్ వైద్యుడు గ్రాంట్లీ డిక్-రీడ్ 1930లలోనే రాశాడు. అందుకే మంచి మిడ్‌వైఫ్ తల్లిని మంచానికి కట్టిపడేయదు. నడిపిస్తుంది, గోడ పట్టుకుని నిలబడనిస్తుంది. నొప్పి వచ్చినప్పుడల్లా అరచేతి కింది భాగంతో నడుము కింద గట్టిగా అదిమి పడుతుంది, తగ్గగానే చేయి తీసేస్తుంది. పావుగంటకో అరగంటకో ఒకసారి బిడ్డ గుండె చప్పుడు వింటుంది, విన్నది తల్లికీ చెబుతుంది. ఆ చప్పుడు తేడాగా ఉంటే మాత్రం క్షణం జాగు చేయక డాక్టరును పిలుస్తుంది. కడుపు మీద నొక్కి బిడ్డను తోయడం ఆమె పద్ధతిలో లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2018లో అది వద్దంది.

అన్నిటికన్నా కష్టమైన పని, వదిలి వెళ్లకుండా ఉండటం. కాన్పు అయ్యేదాకా ఒక మనిషి తోడుంటే ఆపరేషన్లు తగ్గుతాయని 15 వేలకు పైగా స్త్రీలపై జరిగిన 26 పరిశోధనలను కలిపి చూసిన కోక్రేన్ సమీక్ష 2017లో తేల్చింది. అదే ఏడాది తెలంగాణ ప్రభుత్వం, ఫెర్నాండెజ్ ఫౌండేషన్, యూనిసెఫ్ కలిసి కరీంనగర్‌లో 30 మంది స్టాఫ్ నర్సులకు 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టాయి. మరుసటేడు కేంద్రం దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది.

కర్నూలు జిల్లా ఆదోనిలో మిడ్‌వైఫ్ పని ఇంకా నేర్పుగా సాగాలి. ఇక్కడ కాన్పుకొచ్చే ఆడవాళ్లు తెలుగులోనే కాదు, కన్నడంలోనూ ఉర్దూలోనూ ఏడుస్తారు. చేయి పెట్టబోయే ముందు అడిగే మాట ఆ మూడు భాషల్లోనూ నోటికి రావాలి. మరో చిక్కు వలస. కోసిగి, పెద్దకడబూరు పల్లెల నుంచి కుటుంబాలు మిరపకోతలకు గుంటూరు వైపు వెళ్లిపోతాయి. కడుపుతో ఉన్నవాళ్లూ వెళతారు. మిడ్‌వైఫ్ తీరిగ్గా కూర్చుని లేబర్ రూమ్ చూపించి, నొప్పులు ఎలా మొదలవుతాయో, తోడు ఎవరుంటారో మాట్లాడాల్సిన ఏడో నెల చేలల్లోనే గడిచిపోతుంది. అందుకే ఆ మాటలు బండెక్కక ముందే, ఊళ్లో ఆరోగ్య కార్యకర్త (ఏఎన్ఎం) గర్భిణి కార్డు రాసే రోజునే మొదలు కావాలి.