ఎన్‌కౌంటర్ - ఒక మాట, రెండు వ్యాకరణాలు

‘ఎన్‌కౌంటర్’ లాటిన్‌లో ‘ఎదురు’ అనే అర్థమున్న మాట నుంచి ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషుకు చేరింది. మన ‘ఎదురు’ కూడా అలాంటిదే: పెళ్లిలో ఎదురుకోలు, పోరులో ఎదిరింపు. ఎటు చూసినా ఇద్దరుండాలి.

పలాస దగ్గరి బొడ్డపాడుకు చెందిన పంచాది కృష్ణమూర్తి, అక్కడే జముకుల కథ కట్టిన సుబ్బారావు పాణిగ్రాహి 1969లో హతులైతే పోలీసులు చెప్పింది ఈ మాటే. ‘ఎదురుకాల్పులు’ అనే తెలుగు సేత అయితే మూలపదంలో లేని తుపాకులను, అదీ రెండు వైపులా, చేర్చిపెట్టింది!

జనం మాత్రం ‘ఎన్‌కౌంటర్ చేసేశారు’ అంటారు. ఇద్దరు కావలసిన క్రియకు ఒక కర్త, ఒక కర్మ. ‘చంపేశారు’ అన్నట్టే. మన కథకులు కొందరు సంభాషణలో ఈ వాడుకను పట్టుకుంటారు గాని, సొంత కథనంలోకి రాగానే ‘ఎదురుకాల్పుల్లో మరణించాడు’ అని రాస్తారు. ఆ వాక్యంలో చచ్చినవాడే కర్త. చంపినవాడికి చోటే లేదు.