దోమకో అణా

పోయిన వారం మా బావగారు రాజమండ్రి నుంచి మనవల్ని వెంటబెట్టుకుని దిగారు. ఈ కాలమ్ చదివేవాళ్లకి ఆయన కొత్త కాదు. కాఫీలో చికోరీ గురించీ రైళ్ల ఆలస్యం గురించీ ఆయన తీర్పుల మీద ఇప్పటికీ ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి. వచ్చిన మర్నాడే నాకు మాటమాత్రం చెప్పకుండా ఏదో టూరు బస్సెక్కి, చార్మినారు, చౌమహల్లా, సాలార్‌జంగ్ మ్యూజియం, గోల్కొండ ఒక్క రోజులో చుట్టేసి వచ్చారు. సాయంత్రం వేణ్నీళ్ల బకెట్లో కాళ్లు పెట్టుకుని కూర్చున్నారు. సాలార్‌జంగ్‌లో ఎంతసేపున్నారని అడిగాను.

"గంట. గడియారం చూశాం, ముసుగు రెబెక్కా విగ్రహాన్ని చూశాం, ఆ మూల నుంచి ఈ మూలకి నడిచాం. చిన్నవాడు తప్పిపోయాడు. వాడు దొరికేసరికి బస్సువాడు హారన్ కొట్టేశాడు."

గంట! నాకు ఒళ్లు మండింది. ఇలా మండటం ఇది మొదటిసారి కాదని మీకూ తెలుసు. పెద్ద మ్యూజియం అంటే కాళ్లనొప్పి అనీ, ఒకే వస్తువు మీద పిచ్చితో ఒక మనిషో ఒక సంస్థో పెట్టిన చిన్న మ్యూజియమే అసలు చూడాల్సిందనీ నేను చాలాకాలంగా వాదిస్తున్నాను. సరే, వాదన ఎందుకు, చూపిస్తానని మర్నాడు ఆటో మాట్లాడాను.

పిల్లలున్నారు కాబట్టి ముందు బహదూర్‌పురాలో సుధా కార్ల మ్యూజియం. వంకాయ కారు, లిప్‌స్టిక్ కారు, మడమ ఎత్తు చెప్పు కారు, క్రికెట్ బ్యాటు కారు, ఆఖరికి కమోడు కారు. అన్నీ పాత ఇనపసామాను పోగేసి చేసినవి, అన్నీ నడిచేవి. వీటిని చేసిన సుధాకర్ 2005లో 41 అడుగుల 7 అంగుళాల ఎత్తు మూడు చక్రాల సైకిల్ చేసి, దాన్ని తొక్కి గిన్నిస్‌లోకి ఎక్కాడు. మ్యూజియం 2010 నాటిది. నాకు కార్లకంటే వాటి పక్కనున్న బోర్డులు నచ్చుతాయి. వస్తువు పక్కన పెట్టే అట్టముక్క గురించి నా గొడవ మీకు కంఠస్థమే. 'కత్తి, 18వ శతాబ్దం' అని రాస్తే ఎవరికి ఉపయోగం? అది కత్తి అని మాకూ కనిపిస్తూనే ఉంది. ఇక్కడ అలా కాదు. చెయ్యడానికి ఎంతకాలం పట్టింది, ఎంత వేగంతో పోతుంది, రాసి ఉంటుంది. పిల్లవాడు సరిగ్గా అడగబోయేది అదే. బావగారు కమోడు కారు పక్కన ఫొటోకి నిలబడనన్నారు.

అక్కణ్ణించి పురానీ హవేలీలోని నిజాం మ్యూజియం. ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా బట్టల బీరువా చూడ్డానికే నేను అక్కడికి వెళ్తాను. బీరువా అంటే బీరువా కాదు, రెండంతస్తుల కొయ్య వీధి. వేసిన బట్ట మళ్లీ వేసేవాడు కాదట. బావగారికి మాత్రం 2018లో అక్కడ చోరీ అయిన బంగారు టిఫిన్ డబ్బా సంగతే కావాలి. దొరికిందా, దొంగ అందులో భోంచేశాడన్నది నిజమేనా అని. దొరికింది. భోంచేశాడనే అప్పట్లో పత్రికలు రాశాయి. "మరి! గిన్నె ఉన్నది అందుకే కదా" అన్నారాయన, ఎంతో తృప్తిగా.

ఇక అసలు చోటు. బేగంపేటలో పాత విమానాశ్రయం దగ్గర, ఉస్మానియా విశ్వవిద్యాలయం కింద నడిచే ఒక పాత భవనం. సర్ రొనాల్డ్ రాస్ పేరు మీద ఉంది. తళతళలాడే వస్తువులు చూద్దామని వెళ్తే నిరాశే. పిల్లలు గుమ్మంలోనే మొహాలు ముడుచుకున్నారు. ఇక్కడ వస్తువు తక్కువ, కథ ఎక్కువ. కథ తెలియకుండా వెళ్తే నాలుగు గోడలే కనిపిస్తాయి. అందుకని మెట్ల మీద కూర్చోబెట్టి నేనే చెప్పాను.

రాస్ 1857లో అల్మోరాలో పుట్టాడు. తండ్రి సైన్యంలో పెద్ద అధికారి. కొడుక్కి రచయిత కావాలని ఉంది, తండ్రికి డాక్టర్ని చెయ్యాలని ఉంది. తండ్రే గెలిచాడు. డాక్టరై, పటాలంతో పాటు 1895లో సికింద్రాబాదు వచ్చాడు. మలేరియాకీ దోమకీ సంబంధం ఉందని లండన్‌లో ఆయన గురువు ప్యాట్రిక్ మాన్సన్ చెప్పి పంపాడు. అయితే గురువుగారి ఊహలో సగమే నిజం. దోమ నీళ్లలో పడి చస్తుందనీ, ఆ నీళ్లు తాగినవాళ్లకి జ్వరం వస్తుందనీ ఆయన అనుకున్నాడు. శిష్యుడు ఆ నీళ్లు మనుషుల చేత తాగించి కూడా చూశాడు. మలేరియా రాలేదు. దోమల్ని పట్టి కోసి చూశాడు. రెండేళ్లపాటు ఆయన చేతికి చిక్కినవి మలేరియా మోయని జాతులే. పంకా ఊపిస్తే కోసిన దోమలు ఎగిరిపోతాయని సికింద్రాబాదు ఎండల్లో పంకా ఆపించి కూర్చున్నాడు. చెమటకి మైక్రోస్కోపు మరలు తుప్పుపట్టాయి. కంటికి ఆనించే అద్దం పగిలింది.

1897 ఆగస్టులో రెక్కల మీద మచ్చలున్న దోమలు దొరికాయి. ఇప్పుడు అనాఫిలిస్ అంటున్నామే, అవి. హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగి వాటి చేత కుట్టించుకోవడానికి ఒప్పుకున్నాడు. కుట్టిన దోమకి అణా చొప్పున బేరం. ఆగస్టు 20న ఆ దోమల్లో ఒకదాని కడుపు గోడ మీద రాస్‌కి గుండ్రటి కణాలు కనిపించాయి. వాటిలో నల్లటి రేణువులున్నాయి, మలేరియా రోగి రక్తంలో కనిపించే రేణువులే. ఆ సంతోషంలో పద్యం కూడా రాసుకున్నాడు. మరుసటి ఏడు కలకత్తాలో పక్షుల మీద మిగతా చక్రం తేల్చాడు. 1902లో నోబెల్ వచ్చింది. ఆగస్టు 20 ఇప్పుడు ప్రపంచ దోమల దినం.

బావగారు అంతా విని, "నాకెవడూ అణా ఇవ్వలేదోయ్" అన్నారు.

ఆయన మొదటి ఉద్యోగం మారేడుమిల్లి దగ్గర బడిపంతులు. గోదావరి మన్యంలో పోస్టింగంటే అప్పట్లో శిక్ష కిందే లెక్క. కొండ దిగి వచ్చిన ప్రతి సెలవుకీ చలిజ్వరం వెంట తెచ్చుకునేవారు. రెండు దుప్పట్లు కప్పి, పైన మా అక్కయ్య కూర్చున్నా మంచం ఊగేదని మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. నాకు ఆ రోజుల్లోంచి మందు చేదు కంటే గోడ బాగా గుర్తు. మలేరియా వర్కర్లు వచ్చి, ఇంట్లో వంటసామాను బయట పెట్టించి, డీడీటీ కొట్టి, వాకిలి పక్క గోడ మీద తేదీ రాసి వెళ్లేవాళ్లు. మళ్లీ వచ్చినప్పుడు దాని కింద ఇంకో తేదీ. జ్వరమొచ్చిందంటే వేలు పొడిచి గాజుపలక మీద రక్తం చుక్క తీసుకుపోయేవాళ్లు. మా అమ్మ సున్నం వేయించినప్పుడు ఆ అంకెల మీద వెయ్యనిచ్చేది కాదు, సర్కారు రాత అని. 1953లో మొదలై 1958లో నిర్మూలన కార్యక్రమంగా మారిన దేశవ్యాప్త ఉద్యమం మా ఊళ్లో అలా గోడ మీద లెక్కగా ఉండేది. ఏదైనా మ్యూజియంవాళ్లు అలాంటి మట్టిగోడ ముక్క ఒకటి అద్దాల పెట్టెలో పెడితే నేను వెళ్లి దాని ముందు పూట గడుపుతాను. రాస్ మైక్రోస్కోపు కంటే అది ఎక్కువ చెబుతుంది.

మనవరాలు మాత్రం అణా దగ్గరే ఆగిపోయింది. "అణా అంటే ఎంత తాతగారూ?" రూపాయికి 16. అంతటితో వదలదుగా. అందుకని సైఫాబాదు మింట్ కాంపౌండుకి తీసుకెళ్లాను. 1903 నుంచి అక్కడ నిజాం టంకశాల నడిచింది. 1997లో పని చర్లపల్లికి తరలిపోయింది. 2022లో పాత భవనాన్ని మ్యూజియం చేశారు. హైదరాబాదులో హాలీ రూపాయి వేరు, తెల్లవాళ్ల కల్దారు వేరు అనీ, 7 హాలీలు ఇస్తే 6 కల్దార్లనీ చెప్పాను. చార్మినార్ బొమ్మ ఉన్న హాలీ 1959 దాకా చెల్లింది. ఆ పిల్ల వేళ్ల మీద లెక్కలు మొదలుపెట్టింది. చూశారా, ఒక్క వస్తువు చాలు అని నేను గర్వంగా బావగారి వైపు చూశాను.

రాత్రి భోజనాల దగ్గర, ఈ రెండు రోజుల్లో ఏది బాగుందని పిల్లల్ని అడిగాను. మనవరాలు అణా అంది. చిన్నవాడు వంకాయ కారు అంటాడనుకున్నాను. వాడు కర్రలన్నాడు. ఏ కర్రలు? సాలార్‌జంగ్‌లో తప్పిపోయింది చేతికర్రల గదిలోనట. మిగతావాళ్లంతా గడియారం వైపు పరిగెత్తుతుంటే వీడు అక్కడే నిలబడిపోయాడు. ఏ కర్ర పిడికి ఏ తల ఉందో, ఏ కర్ర లోపల కత్తి దాగి ఉందో చెప్పుకుపోయాడు. టూరు మొత్తంలో మ్యూజియం చూసినవాడు వాడొక్కడే.

దాంతో నా పాత వాదన కుంటుపడింది. మీర్ యూసుఫ్ అలీఖాన్, అదే మూడో సాలార్‌జంగ్, దివాను పదవి వదులుకున్నాక బతుకంతా వస్తువులు పోగుచెయ్యడంలోనే గడిపాడు. పెళ్లి లేదు, పిల్లలు లేరు. 1949లో పోయాడు. 1951 డిసెంబరు 16న నెహ్రూ దివాన్ దేవిడి భవనంలో మ్యూజియం తెరిచాడు. 1968లో మూసీ ఒడ్డున ఇప్పుడున్న భవనానికి మారింది. గడియారాల పిచ్చి, పచ్చరాతి పిచ్చి, దంతం పిచ్చి, కర్రల పిచ్చి, బొమ్మల పిచ్చి, ఆ మనిషికి ఎన్ని పిచ్చిలో అన్ని గదులు. అంటే నేను ఊరంతా ఆటోలో తిరిగి వెతుక్కునే చిన్న మ్యూజియాలన్నీ అక్కడ ఒకే కప్పు కింద ఉన్నాయి. మనం వాటిని కలిపి ఒక్కసారే మింగాలనుకోవడం వల్ల కాళ్లు నొప్పి పుడుతున్నాయి. చిన్న మ్యూజియానికి ఉన్న గొప్ప దాని పరిమాణంలోది కాదు, అక్కడ ఇంకో గదికి పోవడానికి వీల్లేకపోవడంలోది. గంట తక్కువేమీ కాదు. ఒక గదికి గంట ధారాళంగా సరిపోతుంది.

కాబట్టి ఈసారి టికెట్ కొన్నాక ఒక్క గది ఎంచుకోండి. గడియారమే చూడాలంటే మధ్యాహ్నం 12 వదిలెయ్యండి. కలకత్తా కుక్ అండ్ కెల్వీ వాళ్ల గడియారంలోంచి బొమ్మ మనిషి బయటికొచ్చి 12 గంటలు కొట్టడం చూడ్డానికి ఆ వేళకి జనం ఎగబడతారు. 11కి కూడా అదే మనిషి వస్తాడు, ఒక్క దెబ్బ తక్కువ, అంతే. ఒకళ్లిద్దరు పిల్లల్ని తీసుకెళ్తే ఏ గదన్నది వాళ్లనే తేల్చనివ్వండి. మిగతా గదులు మళ్లీ వెళ్లినప్పుడు చూడొచ్చు. శుక్రవారం మాత్రం వెళ్లకండి, ఆ రోజు సెలవు.