కదిలే చెక్కకు కొలత: నార్వే ఇళ్ల పలకల గోడలు

నార్వేలో చెక్క ఇంటి బయటి గోడకు రెండు పొరలుంటాయి. లోపలి పొర ఇంటి బరువు మోసే దుంగలు లేదా చట్రం. బయటి పొర వాన, మంచు, ఎండ దెబ్బలు కాచుకోవడానికి మేకులతో బిగించిన పలకల తొడుగు. తొడుగులో ఒక పలక పాడైతే తీసేసి ఇంకొకటి వేసుకోవచ్చు. లోపలి దూలం కుళ్లితే ఇంటికే ముప్పు. తాను అరిగిపోతూ లోపలిదాన్ని కాపాడడమే తొడుగు పని. ఈ పలకలను ఎంచడంలో, కొలవడంలో అక్కడి వడ్రంగులు తరతరాలుగా కూడబెట్టిన మెలకువలన్నిటికీ మూలం ఒక్కటే: చెట్టును కొట్టి, కోసి, ఆరబెట్టాక కూడా చెక్క కదులుతూనే ఉంటుంది. తడిస్తే ఉబ్బుతుంది, ఆరితే ముడుచుకుంటుంది. పలక ఇవాళ ఎంత వెడల్పుందో కొలిస్తే సగం పనే అయినట్టు. రేపు ఎంతకు మారుతుందో కూడా లెక్కలోకి రావాలి.

పలకల గోడలు ఆ నేలకు పాతవే. 12వ శతాబ్దపు ఉర్నెస్, బోర్గుండ్ చర్చిల్లో నిలువు పలకలే గోడలు. ఒకదాని గాడిలో ఇంకొకటి దిగేలా వాటిని కూర్చి, అడుగున నేల తగలకుండా రాతి పునాది మీద పరిచిన దూలాల్లో నిలబెట్టారు. మామూలు ఇళ్ల సంగతి వేరు. దుంగలను అడ్డంగా పేర్చి మూలల్లో గాట్లు పెట్టి కలిపిన గోడలు శతాబ్దాల పాటు పై తొడుగు లేకుండానే నిలిచాయి. దుంగను చీల్చి గొడ్డలితో చదును చేసే రోజుల్లో ఒక్కో దుంగకు రెండు పలకలకు మించి దక్కడం కష్టం. అంత ఖరీదైన పలకను గోడకు తొడిగే స్తోమత ఎవరికుంటుంది? 16వ శతాబ్దంలో ఏటి నీటితో నడిచే రంపపు మిల్లులు వ్యాపించాక పరిస్థితి మారింది. హాలండుకూ ఇంగ్లండుకూ ఓడల్లో పలకలు ఎగుమతయ్యాయి. 18వ శతాబ్దంలో వర్తకుల, అధికారుల ఇళ్లకు పలకల తొడుగు వచ్చింది, ఆ తర్వాత రైతుల ఇళ్లూ అదే దారి పట్టాయి. బెర్గెన్ రేవులోని బ్రిగ్గెన్ వీధిని 1702 అగ్నిప్రమాదం తర్వాత మళ్లీ చెక్కతోనే కట్టారు. 1979లో అది యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది. బెర్గెన్‌లో ఏడాదికి 2000 మి.మీ.కు పైగా వాన పడుతుంది. కోస్తా ఆంధ్ర వర్షపాతానికి అది ఇంచుమించు రెట్టింపు. అలాంటి చోట చెక్క ఇళ్లు మూడు వందల ఏళ్లు నిలిచాయంటే అదృష్టం ఒక్కటే చాలదు.

తొడుగుకు వాడే కలప ముఖ్యంగా రెండు రకాలు: స్ప్రూస్, పైన్. పైన్ మానులో లోపలి చేవకూ, బెరడు కింది తెల్ల చెక్కకూ చాలా తేడా ఉంటుంది. చేవలో జిగురూ, బూజును ఆపే సహజ రసాయనాలూ నిండి ఉంటాయి కాబట్టి అది తడిని ఓర్చుకుంటుంది. తెల్ల చెక్క నీళ్లను ఇట్టే పీల్చి త్వరగా కుళ్లుతుంది. అందుకే పాతకాలపు వడ్రంగి పైన్‌ను ఎంచేటప్పుడు ముదురు చెట్టు కోసం వెతికేవాడు. కొన్ని చోట్ల చెట్టును కొట్టడానికి కొన్నేళ్ల ముందే బెరడు ఒలిచి నిలబెట్టి ఉంచేవారు. గాయపడిన మాను తనను కాపాడుకోవడానికి జిగురు ఊరించుకుంటుంది. స్ప్రూస్ చేవకు అంత ఓర్పు లేదు, కానీ దానికి మరో గుణం ఉంది. స్ప్రూస్ ఒకసారి ఆరిందంటే కణాల మధ్య నీరు పారే సన్నని రంధ్రాలు మూసుకుపోతాయి, మళ్లీ తడిసినా నీరు లోపలికి నిదానంగానే దిగుతుంది. రంగు వేసే తొడుగుకు ఇవాళ నార్వేలో స్ప్రూస్‌దే పైచేయి కావడానికి ఈ గుణం ఒక ముఖ్య కారణం.

చెట్టు జాతి తెలిశాక చూడాల్సింది పలక కొన. అడ్డకోతలో వలయాలు దగ్గరదగ్గరగా ఉంటే చెట్టు నెమ్మదిగా పెరిగిందన్నమాట. చలి ఎక్కువైన లోయల్లో, కొండవాలుల్లో పెరిగిన చెట్ల చెక్క గట్టిగా, బరువుగా ఉండేది ఇందుకే. తర్వాత కణుపులు. చుట్టూ ఉన్న చెక్కతో ఏకమైన పచ్చి కణుపుతో ఇబ్బంది లేదు. చుట్టూ నల్లటి వలయం కట్టిన ఎండు కణుపు మాత్రం కొన్నాళ్లకు ఊడి, తొడుగులో చిల్లు మిగులుస్తుంది. మాను నడిమి బెండు ఉన్న పలకను గోడకు పనికిరాదని పక్కన పెట్టాలి. అది తప్పకుండా పగులుతుంది.

పలకను మానులో ఏ వైపు నుంచి కోశారన్నదీ ముఖ్యమే. చెక్క నిలువు పొడవులో దాదాపు మారదు. వలయాలకు అడ్డంగా కొంత మారుతుంది, వలయాల వెంబడి అంతకు ఇంచుమించు రెట్టింపు మారుతుంది. వలయాలు పలక ముఖానికి నిలువుగా వచ్చేలా కోస్తే పలక తక్కువ కదులుతుంది, కాని మానులో వృథా పెరుగుతుంది. మానును వరసగా పలచగా కోసుకుంటూ పోతే చాలా పలకలొస్తాయి. అవి ఆరేకొద్దీ బెరడు వైపుకు దోనెలా వంగుతాయి. రెండు వరసలుగా పరిచే గోడలో పై వరస పలకకు మాను నడిమి వైపును బయటికి పెట్టి బిగించే ఆచారం ఇందులోంచే పుట్టింది. అప్పుడు పలక వంగినా అంచులు లోపలికే ఒత్తుకుంటాయి, సందు తెరుచుకోదు. ఎక్కువ చేవ ఉన్న వైపు వానకు ఎదురుగా నిలవడం దీనితో కలిసొచ్చే లాభం. పలకను చేతిలోకి తీసుకుని కొన వైపు ఒక్క చూపు చూస్తే తెలిసే ఈ సంగతి, ఖరీదైన రంగులకన్నా ఎక్కువ మేలు చేస్తుంది.

పలకలు పరిచే పద్ధతులు రెండు. మొదటిది నిలువు పద్ధతి. కొంచెం ఎడంగా ఒక వరస పలకలు నిలబెట్టి, ఆ సందులను కప్పుతూ పైన మరో వరస వేస్తారు. దేశం లోపలి, తూర్పు ప్రాంతాల ఇళ్లకు ఇది బాగా అలవాటు. రెండోది అడ్డం పద్ధతి. పై పలక అంచు కింది పలక మీదికి దిగేలా అడుగు నుంచి పైకి కట్టుకుంటూ పోతారు. గాలివాన ఏటవాలుగా కొట్టే పడమటి తీరంలో ఇది ఎక్కువ. రెండింటిలోనూ ప్రాణం మీదిమీది కప్పులోనే ఉంది. గుండుసూది పట్టనంత బిగువుగా అంచులు ఆనించిన గోడ చూడ్డానికి బాగున్నా, మొదటి వేసవిలోనే చీలికలు తెరుస్తుంది.

కారణం లెక్కలో కనిపిస్తుంది. సుమారు 30 శాతం తేమకు దిగువన చెక్క ముడుచుకోవడం మొదలవుతుంది. అక్కడి నుంచి తేమ ఒక్కో శాతం తగ్గినప్పుడల్లా వరసగా పలచగా కోసిన పైన్, స్ప్రూస్ పలకలు సుమారు 0.25 శాతం సన్నబడతాయి. నార్వేలో సర్వసాధారణమైన 148 మి.మీ. వెడల్పు పలక 18 శాతం తేమ నుంచి 12కు ఆరితే రెండు మి.మీ.కు పైగా తగ్గుతుంది. ఒక్క పలకలో ఇది ఏపాటిది అనిపించవచ్చు. 8 మీటర్ల గోడను అలాంటి 54 పలకలతో అంచులు ఆనించి నింపితే మొత్తం తగ్గుదల 12 సెం.మీ. దాకా వస్తుంది. ఆ పన్నెండూ పలకకింతగా పంచుకుని చీలికలవుతాయి. అవే పలకలను తడి కాలంలో బిగించి కూరిస్తే ఉబ్బడానికి చోటు లేక ముందుకు పొంగుతాయి, మేకులనూ లాక్కొస్తాయి. 20 నుంచి 25 మి.మీ. కప్పు ఉంచితే ఈ కదలికంతా పై పలక చాటునే జరిగిపోతుంది.

నిలువు పద్ధతిలో అదే 8 మీటర్ల గోడకు కింది వరస 148 మి.మీ., పై వరస 98 మి.మీ. పలకలు అనుకుందాం. రెండు వైపులా 25 చొప్పున కప్పు తీసేస్తే ఒక జత 196 మి.మీ. జాగా ఆక్రమిస్తుంది. గోడ రెండు చివరలా కింది వరస పలకే రావాలంటే, 8000లో ఒక పలక వెడల్పు 148 తీసేసి మిగిలిన 7852ను 196తో భాగించాలి. 40 వచ్చి కాస్త మిగులుతుంది. అంటే కింద 41, పైన 40 పలకలు. మిగిలిన ఆ కాస్తను అన్ని జతలకూ పంచితే జత జాగా 196.3 అవుతుంది, కప్పులో తేడా కంటికే ఆనదు. ఈ భాగహారం చేయకుండా ఒక మూల నుంచి మేకులు కొట్టుకుంటూ వెళ్లినవాడికి అవతలి మూలలో చీలిక లాంటి సన్న పలక మిగులుతుంది. గోడ అందం చెడేది అక్కడే.

అడ్డం పద్ధతిలో కొలత ఎత్తుకు సంబంధించింది. 2700 మి.మీ. ఎత్తు గోడకు 25 కప్పుతో 148 పలకలు వేస్తే ఒక్కో వరసకు 123 మి.మీ. బయటికి కనిపిస్తుంది. 2700లో ఒక కప్పు తీసేసి 123తో భాగిస్తే 21.7 వస్తుంది. 22 వరసలు చేస్తే బయటి జాగా 121.6కు తగ్గి, కప్పు 26 దాటుతుంది. 21 చేస్తే కప్పు 21కి దిగువకు పడిపోతుంది. వానగాలి తగిలే గోడకు 22 ఎంచడమే వివేకం. ఈ గుర్తులన్నీ గోడ ఎత్తున్న ఒక సన్నని కొలబద్ద మీద ముందే గీసుకుంటారు. ప్రతి మూలకూ, ప్రతి కిటికీకీ ఆ ఒక్క బద్దనే ఆనించి గుర్తులు దించితే ఇంటి చుట్టూ వరసలు ఒకే మట్టంలో వస్తాయి. కిటికీ పైగట్టు దగ్గరా, కింది గట్టు దగ్గరా పలక అంచు సరిగ్గా రావాలంటే కప్పును ఒకటి రెండు మి.మీ. సర్దుకునే చోటు కూడా ఈ బద్దే. టేపు పట్టుకుని ఒక్కో వరసనూ విడివిడిగా కొలిస్తే చిన్న తప్పులు పోగై పైకి వెళ్లేసరికి పెద్దవవుతాయి.

తెలుగునాట కలప అడితిలో టేకుకు ఘనపుటడుగు లెక్కన ధర కడతారు. నార్వేలో తొడుగు పలకలను నిడివి మీటర్లలో అమ్ముతారు కాబట్టి గోడ వైశాల్యాన్ని నిడివికి మార్చుకోవాలి. 8 మీటర్లు పొడవు, 2.7 మీటర్లు ఎత్తు గోడ 21.6 చదరపు మీటర్లు. అందులో 1.2 మీటర్ల చదరపు కిటికీలు రెండు, 0.9 × 2.1 తలుపు ఒకటి తీసేస్తే 16.83 మిగులుతుంది. అడ్డం పద్ధతిలో చదరపు మీటరుకు 1ని 0.123తో భాగించగా 8.13 మీటర్ల పలక పడుతుంది. మొత్తం 137 మీటర్లు, కోతల వృథాకు పదో వంతు కలిపితే 150 దాకా. పైన చెప్పిన నిలువు పద్ధతిలో రెండు వరసలకూ చెరి 86 మీటర్లు, వృథాతో కలిపి చెరి 95. అంటే నిలువు గోడకు కలప ఎక్కువే పడుతుంది. వృథాను తగ్గించే కిటుకు ఒకటుంది: కిటికీల పైనా కిందా వచ్చే పొట్టి ముక్కలను ముందే లెక్కగట్టి, పొడుగు పలకల కోతల్లో మిగిలే ముక్కల్లోంచే వాటిని తీయాలి.

మేకు కొట్టే చోటు కూడా కొలతే. కింది వరస పలకకు నడుమ ఒక్క మేకు చాలు, అంచులు రెండు వైపులా స్వేచ్ఛగా కదులుతాయి. పై పలక మేకు కింది పలకల మధ్య సందులోంచే పోవాలి. అడ్డం పలకకైతే కింది అంచుకు 35 మి.మీ. పైన కొట్టాలి, అప్పుడు కప్పు కిందున్న పలకను మేకు తాకదు. ఒకే మేకు రెండు పలకలనూ పట్టేస్తే ఏదో ఒకటి చీలక తప్పదు. జింకు పూత మేకులు వాడితే తుప్పు మరక కారదు. మేకు తల చెక్కలోకి దిగబడేలా యంత్రంతో కొట్టడం ఇప్పుడు పెరిగిన చెడు అలవాటు. ఆ గుంటలో నీరు నిలిచి కుళ్లు అక్కడే మొదలవుతుంది.

తొడుగు వెనక గాలి ఆడాలి. లోపలి గోడకు రీపర్లు కొట్టి వాటి మీద పలకలు బిగిస్తారు. నిలువు పలకలకు అడ్డం రీపర్లు కావాలి కాబట్టి, గాలి పైకి పోయేందుకు వాటి వెనక నిలువు రీపర్లు మరో పొరగా వేస్తారు. పలకల సందుల్లోంచి చొరబడిన కాస్త నీరు ఆ ఖాళీలోనే కిందికి జారి, మిగిలింది ఆరిపోతుంది. పలకల అడుగు నేలకు సుమారు 30 సెం.మీ. ఎత్తున ఉండాలి, లేకపోతే వాన చినుకులు నేలను తాకి ఎగిరి తడుపుతాయి. నిలువు పలక కింది కొనను ఏటవాలుగా కోస్తే నీటిబొట్టు ముందు అంచు నుంచి రాలిపోతుంది. కోసిన కొన నార పొడవునా నీళ్లు పీల్చే నోరు లాంటిది కనుక, బిగించే ముందే దానికి నూనె లేదా రంగు తాగించాలి.

రంగు విషయంలో స్కాండినేవియా నేర్చుకున్నది వేగంగా ఆరే చెక్కే ఎక్కువ కాలం బతుకుతుందని. పాత చర్చిలకు పైన్ తారు పూశారు. పొరుగు దేశం స్వీడన్‌లోని ఫాలున్ రాగి గని మట్టిలోంచి వచ్చిన ఎర్ర పొడిని నీరు, రై పిండి, ఇనుప సల్ఫేటుతో ఉడికించి, అవిసె నూనె కలిపి చేసే ఫాలు ఎరుపు పల్లె ఇళ్లకు వ్యాపించింది. అది చెక్క మీద మూత వేయదు, తేమ బయటికి పోనిస్తుంది. నార్వే పట్టణాల్లో తెల్ల రంగు ఖరీదైనది కావడంతో వీధి వైపు తెలుపు, వెనక వైపు చవకైన ఎరుపు వేసుకున్న ఇళ్లూ ఉన్నాయి. రంగు లేని పలకను ఎండ, వాన నెమ్మదిగా తింటూ బూడిద రంగుకు తెస్తాయి. మెత్తని కలపలో ఆ అరుగుదల నూరేళ్లకు దాదాపు 6 మి.మీ. అంటే రంగు లేకున్నా, నీరు నిలవనిచోట మందమైన పలక తరాలు గడుపుతుంది.

ఈ సంప్రదాయానికి పెద్ద శత్రువు నిప్పు. 1904 జనవరిలో ఓలెసుండ్ పట్టణంలో దాదాపు 850 ఇళ్లు ఒక్క రోజులో కాలిపోయాయి. ఆ తర్వాత నార్వే పట్టణాల నడిబొడ్డున ఇటుకతోనే కట్టాలన్న నియమం వచ్చింది. తొడుగు వెనక గాలి ఆడే ఖాళీ మంటకూ దారి కాగలదు. అందుకే ఇప్పటి కట్టడాల్లో అంతస్తుకొక చోట ఆ ఖాళీకి అడ్డుకట్టలు పెడతారు.

మరమ్మతు తొడుగులోని గొప్ప సౌలభ్యం. నిలువు పలకలు సాధారణంగా అడుగునే కుళ్లుతాయి. చెడిన భాగాన్ని కోసి, కొత్త ముక్కను పై ముక్క కిందికి ఏటవాలు అతుకుతో చేర్చాలి. అతుకు వాలు బయటికి దిగేలా ఉంటే నీరు లోపలికి పోదు. కొత్త పలక మందం పాతదానితో సరిపోవాలి. ఆరబెట్టకుండా పచ్చిదాన్ని వేస్తే అది ఆరి సన్నబడి కప్పు తగ్గుతుంది కాబట్టి, తేమ చూసి, పాత పలక కన్నా ఒకటి రెండు మి.మీ. వెడల్పు ఎక్కువుండేలా చిత్రిక పట్టాలి. అడుగు వరసకు చేవ నిండిన ముక్కనే ఎంచి, రెండు కొనలకూ నూనె పట్టించాకే మేకు వేయాలి.